ఐరిష్, వెల్ష్ భక్తి పదాల మూలం పట్టుకోవడం ఎలా

గుంటూరు, బెజవాడల్లో భాషాశాస్త్రం చదువుతూ ఐరిష్, వెల్ష్ లాంటి కెల్టిక్ భాషల (ఐర్లండ్, వేల్స్‌ల పాత భాషల కుటుంబం) వైపు మళ్లినవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. లాటిన్‌లా వినిపించిన ప్రతి మాటనూ చర్చి వెంట వచ్చిన అరువు మాటగా లెక్కేస్తారు. అచ్చం లాటిన్‌లా ఉన్న మాట సొంతదే కావచ్చు, పోలికే లేనిది అరువు తెచ్చుకున్నది కావచ్చు. అర్థం జోలికి పోకముందే ధ్వని చూడాలి.

ముందు మాటను నిఘంటు రూపానికి తెచ్చుకోండి. వెల్ష్‌లో మొదటి హల్లు వాక్యాన్ని బట్టి మారుతుంది. ఈస్టర్‌ను పిలిచే 'పాస్గ్' కొన్నిచోట్ల 'బాస్గ్' అవుతుంది. గసడదవాదేశ సంధి చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. ఐరిష్‌లో మొదటి హల్లు పక్కన హెచ్ కనిపిస్తే దాన్ని తీసి వెతకండి. ఆధునిక ఐరిష్ రూపంతో ఆగిపోవద్దు. పాత ఐరిష్ మాటల నిఘంటువైన ఈడిల్‌లో పాత రూపం చూడాలి. వెల్ష్‌కు గైరియాదుర్ ప్రివిస్గోల్ కమ్రి అనే నిఘంటువు ఉంది, మాట మొదట ఎప్పుడు రాతకెక్కిందో కూడా చెబుతుంది. రెండూ నెట్‌లో ఉచితం.

తర్వాత 'ప' పరీక్ష. సంస్కృతం, లాటిన్, కెల్టిక్‌లకు తల్లి అయిన మూల భాషలోని 'ప' కెల్టిక్‌లో మాట మొదట పడిపోయింది: సంస్కృత 'పితృ'కు ఐరిష్‌లో 'అహిర్'. కాబట్టి ఐరిష్ భక్తి పదంలో 'ప' కనిపిస్తే అది చాలావరకు బయటిదే. పాపాన్ని చెప్పే 'ప్యాక' లాటిన్ 'పెక్కాతుమ్' నుంచి వచ్చింది. తొలినాటి అరువుల్లో మాత్రం నోటికి 'ప' అలవాటు లేనందున దాని బదులు 'క' పలికారు. మన బైబిల్లో 'పస్కా' అని చదివే ఆ మాటే అక్కడ 'కాష్క్'. సెయింట్ పాట్రిక్ లాటిన్ పేరు పత్రికియుస్ ముందు 'కోత్రిగె'గా, తర్వాత 'పాద్రిగ్'గా రెండుసార్లు చేరింది. రెండోదానిలో 'త' కాస్తా 'ద' కావడం బ్రిటన్ ఉచ్చారణ జాడ. పాదిరి పోర్చుగీసు నుంచి, బిషప్ ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చినట్టే ఇక్కడా పొరలు ఉన్నాయి.

సొంత మాటలను సంస్కృతంతో తూచవచ్చు. సంస్కృత 'శ' ఉన్నచోట కెల్టిక్‌లో 'క' రావాలి: 'శతం'కు ఐరిష్‌లో 'కేద్'. 'నమ్ము' అనే ఐరిష్ 'క్రెద్', వెల్ష్ 'క్రెది' మన 'శ్రద్ధ'కు సరిగ్గా అతుకుతాయి. లాటిన్ 'క్రేదో' వాటికి తల్లి కాదు, తోబుట్టువు. దేవుణ్ణి చెప్పే ఐరిష్ 'దియ', వెల్ష్ 'దియు' కూడా అంతే. ఇటలీలోని వెర్చెల్లిలో దొరికిన కెల్టిక్ శాసనంలో 'దేవతలు, మనుషుల' అనే అర్థంలో ఈ మూలంతో కట్టిన సమాసం క్రైస్తవానికి ముందే ఉంది. ఇలాంటి శాసనం దొరికితే వాదన అక్కడితో ముగిసినట్టే.

చర్చి పదాల జాబితాలే చూస్తే వారాల పేర్లు తప్పిపోతాయి. ఐరిష్‌లో శుక్రవారం 'ఈన్య', ఉపవాసమనే లాటిన్ 'యెయూనియుమ్' నుంచి. బుధవారం 'కేదీన్' అంటే మొదటి ఉపవాసం. గురువారం రెండు ఉపవాసాల నడిమి రోజు.

పాత కెల్టుల పూజారిని చెప్పే 'డ్రూయిడ్' మాట దగ్గర తొందరపడొద్దు. రెండో భాగం 'విద్', వేదంలో ఉన్నదే. మొదటి భాగాన్ని కొందరు ఓక్ చెట్టంటారు, కొందరు 'గట్టి' అంటారు. నోటుబుక్కులో రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.