చిత్తరువు చదవడం – 3వ పాఠం: లింకన్ కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ

గత పాఠంలో ముఖం మీద వెలుగు ఎటువైపు నుంచి పడుతోందో గుర్తించడం నేర్చుకున్నాం. ఈసారి బొమ్మ సరిగ్గా ఉందా, కుడిఎడమలు తారుమారయ్యాయా, లేక ఒకరి తల మరొకరి ఒంటికి అతికించారా అన్నది తేల్చుకోవాలి. ఇందుకు అబ్రహాం లింకన్ చిత్రాలు తీసుకుందాం. ఆయన కుడి బుగ్గ మీద, నోటికి దగ్గర్లో, స్పష్టంగా కనిపించే పుట్టుమచ్చ ఉంది.

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటు నుంచి పెద్ద సైజు ఫైలు దించుకోండి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మ ఈ పనికి చాలదు. కుదించినప్పుడు ఇలాంటి చిన్న గుర్తులే ముందు చెరిగిపోతాయి.

ముందు మచ్చ చూడండి. ఆయన కుడి అంటే చూసే మనకు ఎడమ. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే, కాబట్టి కాగితం మీద ముఖం గీసి 'ఆయన కుడి' అని రాసి పక్కన పెట్టుకోండి. మచ్చ మనకు కుడివైపు కనిపిస్తే తల తిరగబడిందన్నమాట.

అంతమాత్రాన మోసం అనేయకండి. టిన్‌టైప్ అనే పాతకాలపు ఫొటో పద్ధతిలో కెమెరాలో పెట్టిన ఇనుప రేకే చివరి బొమ్మ కాబట్టి, అద్దంలో కనబడ్డట్టే కుడిఎడమలు మారతాయి. గాజు నెగటివ్ నుంచి కాగితం మీద ముద్రిస్తే మళ్లీ సరిపోతాయి. చెక్కుడు బొమ్మల్లో, పనివాడు ఫొటోను ఉన్నదున్నట్టు లోహపు పలక మీద చెక్కితే అచ్చులో తిరగబడుతుంది.

అందుకే రెండో పరీక్ష: దుస్తులు. మగవాళ్ల కోటులో తొడుక్కున్నవాడి ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. మచ్చ, కోటు రెండూ తారుమారైతే బొమ్మ మొత్తం తిరగబడింది, అంతే. మచ్చ మాత్రమే మారి కోటు సరిగ్గా ఉంటే తలను అనుమానించండి. కోటు గుండీలు కనిపించకపోతే మొదటి పాఠంలోలా వస్తువుల మీది రాతలు వెతకండి.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే విలియం పేట్ అచ్చువేసిన లింకన్ నిలువెత్తు చిత్రం చూడాలి. ఒళ్లు, బల్ల, ఠీవి అన్నీ జాన్ కాల్హూన్‌వి. ఆయన బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన దక్షిణాది నాయకుడు, 1850లో చనిపోయాడు. ఎ.హెచ్. రిచీ చెక్కిన కాల్హూన్ చిత్రాన్ని తీసుకుని, 1864 ఫిబ్రవరి 9న ఆంథనీ బెర్గర్ తీసిన ఫొటోలోని లింకన్ తలను అతికించారు. బల్ల మీది కాగితాల మీద 'రాష్ట్రాల సార్వభౌమత్వం' లాంటి మాటలు చెరిపి 'యూనియన్' (రాష్ట్రాల ఐక్యత), 'స్వేచ్ఛా ప్రకటన' (బానిసల విముక్తి ప్రకటన) అని పెట్టారు. తప్పు వైపున్న పుట్టుమచ్చే గుట్టు రట్టు చేసింది. దాన్ని పట్టుకున్నది ఫొటో సంపాదకుడు స్టెఫాన్ లోరాంట్. బానిసత్వం రద్దు చేసిన మనిషికి దాని సమర్థకుడి శరీరమే గౌరవం తెచ్చిపెట్టాల్సి రావడం మనసును కలచివేసే విషయం.

ఇప్పుడు అతుకు లేని చిత్రం. 1860 ఫిబ్రవరి 27న, కూపర్ యూనియన్ అనే విద్యాసంస్థలో లింకన్ ప్రసంగించిన రోజునే, న్యూయార్క్‌లో మాథ్యూ బ్రేడీ తీసిన ఫొటో. వెనక స్తంభం, చేతి కింద పుస్తకాలు. లింకన్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, మెడ పొడవు. అది తగ్గి కనబడాలని బ్రేడీ కాలరు పైకి లాగించాడు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో లింకన్ ఊరూరా తిరిగి ప్రచారం చేయలేదు, తాను నివసించే స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉన్నాడు. చాలామంది ఓటర్లు ఆయన్ని చూసింది ఈ ఫొటో ఆధారంగా వచ్చిన పత్రికల బొమ్మల్లో, సుమారు 2½ × 4 అంగుళాల ఫొటో కార్డుల్లో. అనాకారి అని ప్రత్యర్థులు ఎగతాళి చేస్తుంటే, దానికి జవాబు ఈ చిత్రమే.

అభ్యాసం: ఈ ఫొటోనూ, 1857లో అలెగ్జాండర్ హెస్లర్ తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టండి. గడ్డం కొన నుంచి కాలరు పై అంచు దాకా కొలిచి, ఆ కొలతను నుదుటి పైనుంచి గడ్డం దాకా ఉన్న ముఖం పొడవుతో భాగించండి. మిల్లీమీటర్లు నేరుగా పోలిస్తే లాభం లేదు, ముద్రణ సైజు మారితే అవీ మారతాయి. తల వంగి ఉంటే గడ్డం కిందికి దిగి లెక్క తప్పుతుంది, కాబట్టి రెండింటిలో తల వంపు కూడా రాసుకోండి. వచ్చే పాఠంలో 1864 ఫిబ్రవరి 9 ఫొటోల్లోనే మరొకటి చూద్దాం. అందులో లింకన్, కొడుకు ట్యాడ్ కలిసి చూస్తున్నది బ్రేడీ స్టూడియో ఫొటో ఆల్బమ్. జనం మాత్రం దాన్ని బైబిల్ అనుకున్నారు.