తొలి ట్రెక్కింగ్‌కు తక్కువ ధరలో బ్యాక్‌ప్యాక్ ఎంచుకోవడం

రెండు మూడు రోజుల ట్రెక్కింగ్‌కు మొదటిసారి వెళ్లేవారికి సాధారణంగా 40 నుంచి 50 లీటర్ల బ్యాక్‌ప్యాక్ సరిపోతుంది. అంతకంటే పెద్దది కొంటే ఖాళీ కనిపించిన చోటల్లా ఏదో ఒకటి కుక్కాలనిపిస్తుంది.

ధర, రంగు చూడకముందే వీపు కొలత తీసుకోవాలి. తల వంచినప్పుడు మెడ అడుగున పొడుచుకు వచ్చే ఎముక నుంచి, తుంటి ఎముకల పైఅంచుకు సమానంగా వీపు మీద ఉండే చోటు వరకు ఇంట్లో ఎవరిచేతనైనా టేపుతో కొలిపించుకోండి. ఎత్తు ఒకటే అయినా ఈ కొలత మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి, వీపు పొడవును సవరించుకునే వీలున్న బ్యాగు దొరికితే దానికే నా ఓటు.

పొదుపు చేయకూడనిది నడుము పట్టీ దగ్గర. బరువులో ఎక్కువ భాగం భుజాల మీద కాక తుంటి మీద నిలవాలి. మెత్త లేని సన్నని పట్టీ బ్యాగు ఊగకుండా ఆపగలదే తప్ప బరువు మోయలేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బేరమాడే ముందు భుజం పట్టీ బ్యాగుకు కలిసే చోట కుట్టును గట్టిగా లాగి చూడండి. అక్కడ ఒకే వరుస కుట్టు ఉండి, దారాల మధ్య సందు కనిపిస్తే ఆ బ్యాగు వద్దు.

వాన తొడుగు లేకపోయినా ఫర్వాలేదు, లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి సామాను సర్దుకోవచ్చు.

మొత్తం బరువు మీ శరీర బరువులో అయిదో వంతు దాటకూడదు. కొన్న వారంలోనే ఎనిమిది కిలోల బియ్యం నింపి మంగళగిరి కొండ మెట్లు ఎక్కి చూడండి. పట్టీలు సవరించినా భుజాలు లాగుతుంటే, మార్పిడి గడువు ముగియకముందే బిల్లుతో దుకాణానికి వెళ్లండి.