బైండ్ చేశాక వేరియబుల్ మారడం లేదా?

సమస్య: కౌంటర్‌ని రిఫరెన్స్‌గా, అంటే కాపీ కాకుండా అసలు వేరియబుల్‌నే తీసుకుని ఒకటి కలిపే ఫంక్షన్ రాశారు. సీ ప్లస్ ప్లస్‌లోని బైండ్‌తో ఆ ఫంక్షన్‌నీ కౌంటర్‌నీ కలిపి ఒక ఆబ్జెక్ట్ చేశారు. దాన్ని మూడుసార్లు కాల్ చేసి కౌంటర్ ప్రింట్ చేస్తే ఇంకా 0. కంపైలర్ పల్లెత్తు మాట అనలేదు.

కారణం: బైండ్ చేసేది మూట కట్టడం. కట్టే క్షణంలోనే ప్రతి ఆర్గ్యుమెంట్‌నీ కాపీ చేసి లోపల దాచుకుంటుంది. ఫంక్షన్ రిఫరెన్స్ అడుగుతోందా లేదా అని చూడదు. కాల్ చేసిన ప్రతిసారీ లోపలి కాపీనే ఫంక్షన్‌కి అందిస్తుంది. ఇప్పుడు ఆ కాపీ విలువ 3, మీ కౌంటర్ మాత్రం కదల్లేదు.

ఇదే పొరపాటు థ్రెడ్ సృష్టించేటప్పుడు చేస్తే కంపైలరే ఆపేస్తుంది. థ్రెడ్ తన కాపీని ఆర్‌వాల్యూగా, అంటే తాత్కాలిక విలువగా ఇస్తుంది, కాన్‌స్ట్ కాని రిఫరెన్స్ దాన్ని పట్టుకోలేదు. బైండ్ ఎల్‌వాల్యూగా, అంటే పేరున్న వేరియబుల్‌లా ఇస్తుంది కాబట్టి అంతా సాఫీగా కంపైల్ అవుతుంది. రోజంతా తిప్పలు పెట్టే బగ్ ఇలాంటిదే.

పరిష్కారం: కౌంటర్‌ని నేరుగా ఇవ్వకుండా స్టాండర్డ్ లైబ్రరీలోని రెఫ్‌తో చుట్టి ఇవ్వండి. అప్పుడు కాపీ అయ్యేది ఆ చుట్టు ఒక్కటే, పెరిగేది అసలు కౌంటర్. ఒక్క జాగ్రత్త: ఆ ఆబ్జెక్ట్‌ని తర్వాతెప్పుడో కాల్‌బ్యాక్‌గా వాడేట్టయితే, అప్పటిదాకా కౌంటర్ బతికుండాలి. లోకల్ వేరియబుల్‌కి రెఫ్ ఇచ్చి ఫంక్షన్ నుంచి బయటికి వచ్చేస్తే, రెఫ్ పట్టుకున్న చోట వేరియబుల్ ఉండదు.

జవాబు తలకిందులుగా వస్తోందా? ప్లేస్‌హోల్డర్లు చూడండి, అంటే కాల్ చేసేటప్పుడు ఇచ్చే విలువల కోసం బైండ్‌లో ఖాళీగా ఉంచే చోట్లు. అండర్‌స్కోర్ 1 అంటే ఫంక్షన్‌లో మొదటి పారామీటర్ అని చాలామంది అనుకుంటారు. కాదు, కాల్ చేసేటప్పుడు ఇచ్చే మొదటి విలువ. తీసివేత ఫంక్షన్‌కి ముందు అండర్‌స్కోర్ 2, తర్వాత అండర్‌స్కోర్ 1 కట్టి, 10, 3 ఇచ్చి కాల్ చేస్తే వచ్చేది -7. ఏ ప్లేస్‌హోల్డరూ అడగని అదనపు విలువలు ఇస్తే వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

ఓవర్‌లోడ్ ఉన్న ఫంక్షన్ పేరు, అంటే వేర్వేరు పారామీటర్లున్న చాలా ఫంక్షన్లకి ఒకే పేరు, ఇస్తే కంపైల్ కాదు. బైండ్ ఒక టెంప్లేట్, ఏ ఓవర్‌లోడ్ కావాలో పేరు ఒక్కదాన్నిబట్టి తేల్చుకోలేదు. కావాల్సిన ఓవర్‌లోడ్ టైప్ చెబుతూ స్టాటిక్ కాస్ట్ పెట్టాలి.

కొత్త కోడ్‌లో మాత్రం నేను ల్యాంబ్డాయే, అంటే అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షనే రాస్తాను. బయటి వేరియబుల్స్‌ని పట్టుకునే క్యాప్చర్‌లో ఆంపర్‌శాండ్ కనబడితే రిఫరెన్స్, లేకపోతే కాపీ అని చదివేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. 2014 స్టాండర్డ్ నుంచి ల్యాంబ్డా పారామీటర్లకి టైప్ బదులు ఆటో రాయొచ్చు కాబట్టి బైండ్ అవసరం దాదాపు తీరిపోయింది. పాత కోడ్‌లో బైండ్ ఫస్ట్, బైండ్ సెకండ్ కనిపిస్తే అవీ మార్చేయండి, 2017 స్టాండర్డ్‌లో వాటిని తీసేశారు.