యంత్ర వైఫల్యాల విశ్లేషణ – మూడవ పాఠం: విరిగిన భాగం, విరగని తోటి భాగాలు

లోపం భాగంలో దాగి ఉండేదనీ, వైఫల్యం పని ఆగినప్పుడు బయటపడేదనీ గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ లోపం డిజైన్, తయారీ, వాడకం అనే తరగతుల్లో దేనికి చెందిందో తేల్చే పద్ధతిని ఈసారి నేర్చుకుందాం.

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మెయింటెనెన్స్ చూసే మన తెలుగువారికి బాగా తెలిసిన సందర్భమే తీసుకుందాం. పంపు ఆగింది, విప్పి చూస్తే షాఫ్ట్ (తిరిగే ఇరుసు) కీవే దగ్గర, అంటే కీ కూర్చునే గాడి దగ్గర విరిగి ఉంది. రిజిస్టరులో ‘షాఫ్ట్ విరిగింది’ అని రాసి కొత్తది బిగించేస్తే, మనం నమోదు చేసింది జరిగిన సంగతినే గాని కారణాన్ని కాదు. విరిగిన ముఖాన్ని గీకకుండా, రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించకుండా, టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూడండి. కీవే మూలలో మొదలై అలలలా పరచుకున్న వంపు గీతలు కనిపిస్తే, పగులు చాలాకాలంగా కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చిందని అర్థం. దీన్నే లోహపు అలసట అంటారు. చివర్లో ఒక్కసారిగా తెగిన గరుకు భాగం చిన్నదైతే షాఫ్ట్ మీద పడిన భారం తక్కువనీ, పెద్దదైతే ఎక్కువనీ స్థూలంగా చెప్పవచ్చు.

విరిగిన ముక్క చెప్పేది ఇంతవరకే. తరగతి తేలాలంటే విరగని షాఫ్టులను చూడాలి. ఒకే డ్రాయింగుతో చేసినవన్నీ అదే మూలలో పగులుతుంటే డిజైన్‌ను అనుమానించాలి. ఒక్క బ్యాచ్‌కే పరిమితమైతే తయారీని. ఒకే పంపులో ఎన్ని మార్చినా విరుగుతూ, పక్క పంపులో నిలుస్తుంటే బిగింపునూ అలైన్‌మెంట్‌నూ వాడకాన్నీ. ‘విరగనివి ఎలా ఉన్నాయి?’ అన్నదానికన్నా విలువైన ప్రశ్న విశ్లేషకుడికి లేదని నా దృఢాభిప్రాయం.

2006 జూలై 10న శ్రీహరికోటలో ప్రయోగించిన ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్02 విఫలమైనప్పుడు, నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్ (రాకెట్ పక్కన అమర్చిన) ఇంజన్లలో ఒకటి ఆరంభంలోనే చోదక బలం కోల్పోయిందని తేలింది. డిజైన్ సరైనదేననీ, ఒక రెగ్యులేటర్ తయారీలో దొర్లిన పొరపాటు తనిఖీల్లో దొరకలేదనీ విచారణ నిర్ధారించింది. 1996 జూన్ 4 నాటి ఐరోపా రాకెట్ ఏరియాన్-5 తొలి ప్రయోగం సంగతి వేరు. అక్కడ ఏ భాగమూ విరగలేదు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చే చోట విలువ పట్టక, గమన దిశను తెలిపే పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా ఉంచిన స్టాండ్‌బై అంతకు క్షణం ముందే అదే కారణంతో ఆగింది, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేర్. తయారీ లోపం నుంచి స్పేర్ కాపాడగలదు. డిజైన్ లోపం మాత్రం అదే నమూనాతో చేసిన ప్రతి స్పేర్‌లోనూ ఉంటుంది.

అభ్యాసం: మీ మెయింటెనెన్స్ రిజిస్టరులో ‘విరిగింది’, ‘కాలిపోయింది’ అని మాత్రమే రాసిన ఒక నమోదును ఎంచుకోండి. అదే రకం భాగాలు ఇంకెక్కడెక్కడ పనిచేస్తున్నాయో, వాటి స్థితి ఏమిటో వెళ్లి చూసి, తరగతిని రాయండి. ఏ ఆధారం దొరికితే ఆ నిర్ణయాన్ని మార్చుకుంటారో దాని కిందే రాసి ఉంచండి. వచ్చే పాఠంలో దానితోనే పని.