డిజైనర్లకు స్వీయ బోధన – 4వ పాఠం: కోడు రాసే రోజుల్లో

గత పాఠంలో ఫిగ్మా (తెరలు గీసే సాఫ్ట్‌వేర్) ఫైలును డెవలపర్‌కు అప్పగించే ముందు సరిచూసుకోవలసినవి నేర్చుకున్నాము. కోడు రాయడం మొదలైన తరువాత డిజైనర్ ఏం చేయాలో ఈసారి ఒక్క బటన్‌ను ఉదాహరణగా తీసుకొని చూద్దాము.

ఒక ఆండ్రాయిడ్ యాప్‌లోని చిరునామా ఫారంలో ‘రాష్ట్రం ఎంచుకోండి’ అనే బటన్‌ను మీరు 16 సైజు అక్షరాలతో, 20 లైన్ హైట్‌తో (ఒక వరుసకు ఇచ్చే ఎత్తు) గీశారనుకోండి. వరుస దాటి కిందికి దిగిన వత్తులను ఫిగ్మా కత్తిరించదు కాబట్టి అక్కడ మీకు లోపమేమీ కనిపించలేదు. డెవలపర్ మీ కొలతనే నమ్మి, ఆ అక్షరాలున్న పెట్టెకు 20 డీపీల (డీపీ అంటే ఆండ్రాయిడ్‌లో తెర కొలత) స్థిరమైన ఎత్తు ఇచ్చారు. తీరా ఫోనులో చూస్తే ‘ష్ట్రం’లో ష కిందున్న వత్తులు సగానికి తెగిపోయాయి. (నేనూ మొదట్లో ‘స్టేట్’ అని ఇంగ్లీషులోనే గీసి, చివర్లో తెలుగు అతికించేవాడిని, వత్తులు లేని మాటతో ఈ లోపం ఎలా బయటపడుతుంది?)

ఇప్పుడు మీరు ‘డిజైన్‌లో ఉన్నట్టు రాలేదు’ అని టికెట్ (లోపాన్ని డెవలపర్‌కు తెలిపే నమోదు) రాస్తే, డెవలపర్ కొలతలు పోల్చి చూసి, రెండూ ఒకటే కాబట్టి దాన్ని మూసేస్తారు. ఆ మూసివేతలో ఆయన తప్పేమీ లేదు. అందుకు బదులు ఏ ఫోనులో, ఏ తెరపై, ఏ అక్షరం ఎక్కడ తెగిందో స్క్రీన్‌షాట్‌తో చూపి, ‘స్థిరమైన ఎత్తు తీసేసి, బటన్‌కు 48 డీపీల కనీస ఎత్తు ఇవ్వగలరా?’ అని అడగండి. కారణం కూడా రాయండి: ఆండ్రాయిడ్‌లో అక్షరాల సైజును ఎస్పీలనే కొలతలో ఇస్తారు, అది వాడేవారి సెట్టింగును బట్టి పెరుగుతుంది, డీపీలలో బిగించిన పెట్టె మాత్రం పెరగదు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం వరకు పెంచుకోవచ్చు కనుక, కళ్లు సరిగా ఆనని పెద్దవారి ఫోనులో ఆ బటన్ చదవడానికే వీలుకాదు.

తరువాత మీ ఫైలులో కూడా లైన్ హైట్‌ను 26 దాకా పెంచండి, లేకపోతే ఇదే లోపం తరువాతి తెరలోనూ వస్తుంది. ఇదంతా స్ప్రింట్ (ఒక విడత పనికి పెట్టుకున్న గడువు) చివరి రోజున కాక, మొదటి తెర నడిచిన రోజునే బిల్డ్ (ఫోనులో నడిపి చూడగల యాప్ ప్రతి) అడిగి చూసుకోవాలి.

అభ్యాసం: మీ ఫోనులో అక్షరాల సైజును గరిష్ఠానికి పెంచి, ఏదైనా తెలుగు యాప్‌లో ఒక ఫారం తెరవండి. తెగిన మాట ఒకటి వెతికి, ‘బాగాలేదు’ అనే మాట వాడకుండా, నాలుగు వాక్యాల్లో టికెట్ రాయండి.