మైక్రోవేవ్ మొరాయిస్తే: మీరు చూసుకోగలిగేవి, ముట్టుకోకూడనివి

ముందే ఒక గీత గీసుకోవాలి. ప్లగ్, సాకెట్, తలుపు, గాజు ప్లేటు, లోపలి గోడకుండే మైకా షీట్ లాంటివి మీరు చూసుకోవచ్చు. బయటి రేకు కవర్ స్క్రూలు మాత్రం విప్పొద్దు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టుల కరెంటును దాదాపు 2,000 వోల్టులకు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని 4,000 దాకా తీసుకెళ్లి, వేడి చేసే తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కి అందిస్తాయి. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ నిలిచి ఉండొచ్చు. అది దిగిపోవడానికి మామూలుగా ఒక రెసిస్టర్ పెడతారు కానీ, అదే పాడైతే బయటికి ఏ గుర్తూ కనిపించదు. స్క్రూడ్రైవర్ ఆనించి షార్ట్ చేస్తే సరిపోతుందని కొన్ని వీడియోల్లో చూపిస్తుంటారు. వాటిని చూసి ప్రయత్నించకండి. ఫ్యాన్, మిక్సీ బాగు చేసిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

అసలు ఆన్ కాదు

అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. అదీ వేడెక్కకపోతే తప్పు ఓవెన్‌ది కాదు. 800 వాట్ల మామూలు ఓవెన్ గోడ నుంచి లాగేది 1,200 వాట్ల పైమాటే, కన్వెక్షన్ (వేడిగాలితో కూడా వండే) మోడళ్లయితే 2,000 కూడా దాటతాయి. అందుకే దీనికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే పిన్నులు వేడెక్కి, సాకెట్ నల్లబడుతుంది. నల్లబడిన సాకెట్‌ని ఎలక్ట్రీషియన్‌తో మార్పించాకే మళ్లీ వాడండి.

డిస్‌ప్లే వెలుగుతున్నా బటన్లు పనిచేయకపోతే చైల్డ్ లాక్ పడిందేమో చూడండి. తాళం గుర్తు కనిపిస్తుంది, లాక్ తీసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. అదీ కాకపోతే తలుపు పూర్తిగా పడిందో లేదో చూడాలి. కొక్కేల దగ్గర ఎండిపోయిన మెతుకు ఇరుక్కున్నా స్టార్ట్ కాదు.

చాలాసేపు వాడాక ఉన్నట్టుండి ఆగిపోయిందా? వేడి ఎక్కువై థర్మల్ కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపే చిన్న భాగం) తెగి ఉండొచ్చు. కొన్ని చల్లారాక వాటంతటవే కలుస్తాయి, కొన్నిటిని మార్చాల్సిందే. ఓవెన్ మీద అందంగా కుట్టిన గుడ్డ కప్పి, దానిమీద బిస్కెట్ డబ్బాలు పేర్చడం మన ఇళ్లలో మామూలే. గాలి పోయే కంతలు మూసుకుపోతే ఇదే జరుగుతుంది. గుడ్డ తీసేసి, గంటసేపు ఆగి చూడండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే లోపలి ఫ్యూజ్ పోయి ఉండొచ్చు. అది మెకానిక్ పని. ఫ్యూజ్ బదులు తీగ చుట్టి ఇస్తానంటే ఒప్పుకోవద్దు.

తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, వేడెక్కదు

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. పవర్ లెవెల్ తగ్గించి ఉందా, డీఫ్రాస్ట్‌లో ఉందా అన్నది మొదట చూడండి. తర్వాత నీళ్ల పరీక్ష చేయండి. మైక్రోవేవ్‌లో వాడదగ్గ గిన్నెలో లీటరు నీళ్లు పోసి, వేడి కొలిచి, హై పవర్‌లో 2 నిమిషాలు పెట్టండి. తీసి, కలిపి, మళ్లీ కొలవండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 35తో గుణిస్తే నీళ్లకు అందిన వాట్లు సుమారుగా తెలుస్తాయి. 800 వాట్ల ఓవెన్ లెక్క ప్రకారం 23 డిగ్రీలు పెంచాలి. గిన్నె కొంత వేడి లాగేస్తుంది కాబట్టి 19, 20 వచ్చినా ఫర్వాలేదు. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి చాలదు, వంటకు వాడేది కావాలి.

పెరుగుదల ఉంది కానీ తక్కువగా ఉంటే ముందు వోల్టేజ్‌ని అనుమానించండి. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ నడిచేటప్పుడు వోల్టేజ్ పడిపోతే ఓవెన్ శక్తీ పడిపోతుంది. తెల్లవారుజామున ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడు బాగా వేడెక్కితే ఓవెన్‌లో దోషం లేనట్టే. ఎప్పుడు చూసినా తక్కువే అయితే మాగ్నెట్రాన్ అరిగిపోతోందని అనుకోవచ్చు.

నీళ్లు అసలు వేడెక్కకపోతే, కన్వెక్షన్ మోడల్ ఉన్నవాళ్లు గ్రిల్ పెట్టి చూడండి. గ్రిల్ ఎర్రబడి, మైక్రో మాత్రం పనిచేయకపోతే లోపం డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఉంది. తలుపు స్విచ్ కూడా కారణం కావచ్చు. స్టార్ట్ చేయగానే ఎప్పుడూ లేనంత గట్టిగా హమ్మని మోగితే వీటిలో ఏదో షార్ట్ అయి ఉండొచ్చు. వెంటనే ఆపేసి ప్లగ్ తీయండి, మళ్లీ మళ్లీ వేసి చూడొద్దు. ఫోన్‌లో ఈ వివరాలన్నీ చెప్తే మెకానిక్ కావలసిన పార్ట్‌తోనే వస్తాడు.

చిటపటమని నిప్పురవ్వలు

ఆపండి. లోపల స్టీలు గిన్నె, చెంచా, ఫాయిల్, బంగారు అంచు పింగాణీ ప్లేటు ఉన్నాయేమో చూడండి. కన్వెక్షన్‌కి ఇచ్చిన ఇనుప స్టాండును మైక్రో మోడ్‌లో మర్చిపోవడమూ మామూలే.

అవేవీ కాకపోతే లోపలి గోడకు (ఎక్కువగా కుడివైపు) అతికినట్టుండే బూడిదరంగు మైకా షీట్‌ని చూడండి. మాగ్నెట్రాన్ నుంచి తరంగాలు దాని వెనకున్న కంత గుండానే లోపలికి వస్తాయి. పప్పు, కూర నూనె చింది దానిమీద పేరుకుంటే అక్కడే మాడి, నల్లబడి, రవ్వలు లేస్తాయి. ప్లగ్ తీసి, తడిపి పిండిన గుడ్డతో తుడవండి. బొగ్గులా నల్లబడినా, కంత పడినా మార్చాలి. స్పేర్ పార్టుల షాపులో విడి షీట్ తక్కువ ధరకే దొరుకుతుంది. పాతదాన్ని దానిమీద పెట్టి గీసి, కత్తెరతో అదే ఆకారంలో కత్తిరించి బిగించాలి. దాని బదులు అట్టముక్క, ప్లాస్టిక్ పెట్టొద్దు. షీట్ లేకుండానూ నడపొద్దు, తడీ జిడ్డూ నేరుగా లోపలికి పోతాయి.

ప్లేటు తిరగదు

కింద ఉన్న చక్రాల రింగు తీసి కడగండి, ప్లేటును మధ్యలోని కప్లర్ (దాన్ని తిప్పే ముక్క) మీద సరిగ్గా కూర్చోబెట్టండి. అప్పటికీ తిరగకపోతే మోటారు చూపించాలి. ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకి తిరగడం మాత్రం జబ్బు కాదు. ఆ మోటార్ల తీరే అంత.

బటన్లు వాటంతటవే నొక్కుకుంటున్నాయి

బొద్దింకలు! కంట్రోల్ బోర్డు దగ్గర వెచ్చగా ఉంటుంది కాబట్టి కంతల్లోంచి దూరి అక్కడ కాపురం పెడతాయి. ఆ కంతల్లోకి హిట్ లాంటి స్ప్రేలు కొట్టొద్దు, వాటిలో మండే గుణం ఉంటుంది. ప్లగ్ తీసేసి, బోర్డు శుభ్రం చేయించండి.

ఎంసీబీ పడిపోతోంది, తలుపు వదులైంది

స్టార్ట్ చేయగానే ఎంసీబీ (కరెంటు బోర్డులో తనంతట తానే పడిపోయే రక్షణ స్విచ్) పడిపోయినా, తలుపు తీసేటప్పుడో వేసేటప్పుడో ఫ్యూజ్ కొట్టేసినా, ఇంట్లో చేసేదేమీ లేదు. ఈ రెండోది తలుపు స్విచ్చుల వరస తప్పిందనడానికి గుర్తు. తలుపు వెనక మామూలుగా మూడు స్విచ్చులుంటాయి. మిగతావి మొండికేస్తే, మూడోది కావాలనే ఫ్యూజ్ తెగ్గొట్టి ఓవెన్‌ని ఆపేస్తుంది. ఈ స్విచ్చులను డైరెక్ట్ చేసి ఇచ్చే మెకానిక్‌ని మళ్లీ పిలవొద్దు. తలుపు తీసినా లోపల హమ్మని నడుస్తుంటే చేయి లోపల పెట్టకుండా ప్లగ్ పీకేయండి.

ఓవెన్ నడుస్తున్నప్పుడు వైఫై నెమ్మదించినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. రెండూ ఇంచుమించు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి, భద్రతా హద్దుల్లో ఉన్న కాస్త లీకేజీ కూడా సిగ్నల్‌ని కదిలిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదు. తలుపు వంగినా, కీలు వదులైనా, కొక్కెం విరిగినా మాత్రం వాడకం ఆపి, రిపేరయ్యాక మీటర్‌తో లీకేజీ చూపించమని అడగండి. లోపలి గోడ తుప్పు పట్టి చిల్లు పడిన ఓవెన్‌కి రిపేరు ఖర్చు దండగ, కొత్తది కొనుక్కోండి.