గుహ బొమ్మలు చదవడం, 4వ పాఠం: అద్దిన చెయ్యి, ఊదిన చెయ్యి

పోయినసారి తప్పు నాదే. ఇండోనేషియాలోని సులవేసి గుహల చేతి గుర్తు చూసి మూడు వాక్యాలు రాయమన్నాను గానీ, ముందు ఏది చూడాలో చెప్పలేదు. దాదాపు అందరూ "రంగులో చెయ్యి ముంచి గోడకి అద్దారు" అని మొదలుపెట్టి, రెండో వాక్యానికే ఆత్మల దాకా వెళ్లిపోయారు. ఆత్మల సంగతి తర్వాత. అసలు ఆ చెయ్యి అద్దింది కాదు.

మళ్లీ చూడండి. రంగు ఎక్కడుంది? చేతిలో లేదు, చుట్టూ ఉంది. అరచెయ్యి గోడకి ఆనించి, జేగురు రంగుని దాని మీదుగా ఊదారు. చెయ్యి తీసేశాక రంగు పడని చోటే బొమ్మ. అద్దితే రంగు లోపల ఉంటుంది. ఊదితే బయట తుంపరలా పడి, దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. ఈ రెండిటినీ కలిపేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అద్దడం బురదలో అడుగు పడ్డట్టు, పొరపాటున కూడా జరగొచ్చు. ఊదడం అలా కాదు. రంగు నూరాలి, కలపాలి, ఖాళీతోనే చెయ్యి చూపించొచ్చని ముందే తట్టాలి. కళ పుట్టుక వెతికేవాళ్లకి కావాల్సింది ఆ "ముందే". దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో లక్ష ఏళ్ల నాడు రంగు కలిపిన సముద్రపు చిప్పలు దొరికాయి. వాటి మీద బొమ్మ లేదు. అయినా నాకు అవే ఎక్కువ ఇష్టం.

బొటనవేలు కుడివైపు కనిపిస్తే ఎడమ చెయ్యి. చెయ్యి తిరగేసి ఆనిస్తే లెక్క మారుతుంది, నేనైతే దాన్ని పట్టించుకోను.

వయసు గురించి ఒక్క మాట. లెక్కగట్టేది బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొర వయసు. అందుకే ఆ సులవేసి చేతికి 39,900 ఏళ్లంటే "కనీసం" 39,900. ఆ మాట ఎగరగొట్టినవాళ్లు సరిదిద్దుకోండి.

"వేట కలిసిరావాలని గీశారు" అన్నవాళ్లకి ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ చూపిస్తాను. అక్కడ దొరికిన, తిని పారేసిన ఎముకలు దాదాపు అన్నీ రెయిన్‌డీర్‌వే. గోడల మీద వందల జంతువులున్నా రెయిన్‌డీర్ మాత్రం ఒక్కటే. ఎక్కువగా గీసింది గుర్రాలని.

అభ్యాసం: గోడకి కాగితం అంటించి, గదిలో ఒక్క కొవ్వొత్తి వెలిగించి, ఒంటరిగా పది చేతులు ఊదండి. రంగు నోట్లో పోసుకోకండి, స్ప్రే సీసా చాలు. ఐదింటికి ఉంగరపు వేలు మడవండి. ఒక్కోదాని గురించి మూడు వాక్యాలు. ఆత్మ, మంత్రం, పూజ అన్న మాటలు ఎక్కడా రాకూడదు. మడిచిన వేళ్లతో వచ్చేసారి పని ఉంది, ఆ కాగితాలు పారేయకండి.